టెంకాయ పాలలో తోటకూర

పాకాల దగ్గర మా చెల్లెలికీ మరిదికీ అయిదెకరాల తోట ఉంది. ఎనిమిదేళ్ళుగా అందులో మందులు కొట్టరు, సంచుల ఎరువు వెయ్యరు. పేడా, గోమూత్రం, బెల్లం, పిండీ కలిపి డ్రమ్ముల్లో మురగబెట్టిన నీళ్ళే ఆ నేలకు తిండి. నెలకు రెండు ఆదివారాలు, వాళ్ళ దగ్గర కూరగాయలు కొనేవాళ్ళు కొందరు తిరుపతి నుంచీ చిత్తూరు నుంచీ తోట చూడ్డానికి వస్తారు. మధ్యాహ్నం మామిడిచెట్ల కింద చాపలు పరిచి వాళ్ళకు సంగటీ, ఆకుకూరా, చెనక్కాయ చట్నీ పెట్టి పంపుతారు.

కిందటేడు ఒక బుధవారం చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఈ ఆదివారం సంగటి లేదు. ఆ పిల్ల వాళ్ళూరి వంట చేస్తాదంట. నువ్వు తప్పకుండా రావాల."

"ఏం వంట?"

"సోయిలీ అనో సువాలీ అనో చెప్పింది. నాకు నోరు తిరగలేదు. టెంకాయలు మాత్రం ఇరవై కావాలంట."

ఆ పిల్ల అంటే టాంజానియా నుంచి తిరుపతికి వ్యవసాయం చదవడానికి వచ్చిన అమ్మాయి. రెండు నెలలు ఏదైనా తోటలో ఉండి పని నేర్చుకోమని కాలేజీవాళ్ళు పంపితే చెల్లెలి దగ్గరికి వచ్చింది. నేనింకా ఆమెను చూడలేదు. చెల్లెలితో ఫోన్లో మాట్లాడేటప్పుడు వెనకనుంచి ఆమె నవ్వు మాత్రం వినిపించేది.

ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో సోషల్ చెప్పి ఆ మధ్యే రిటైరయ్యాను. సోయిలీ కాదు, స్వాహిలీ అని నాకు తెలుసు. తూర్పు ఆఫ్రికా తీరంలో మాట్లాడే భాష. ఆఫ్రికా పటం పుస్తకం చూడకుండా బోర్డు మీద గీయగలను. విక్టోరియా సరస్సు ఏ మూల ఉందో, నైలు నది ఎటు పారుతుందో సుద్దముక్కతో చూపించగలను. కానీ ఆ సరస్సు ఒడ్డున ఉండేవాళ్ళు పొద్దున లేచి ఏం తింటారు? ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పిల్లవాడూ నన్ను అడగలేదు. నాకూ తోచలేదు. బుధవారం నుంచి ఆదివారం దాకా నాకు ఇదే ఆలోచన. పప్పు తాలింపు వేస్తూ కూడా, వాళ్ళు తాలింపు వేస్తారా, వేస్తే ఏ నూనెతో వేస్తారు అనుకునేదాన్ని.

ఆదివారం పొద్దున తిరుపతిలో రైలెక్కి దిగేసరికి మరిది బండితో పాకాల స్టేషన్ బయట ఉన్నాడు. బండి ముందు ఒక సంచి నిలబెట్టి ఉంది.

"ఏందబ్బా అది?"

"మొక్కజొన్న పిండి వదినా. తెల్ల మొక్కజొన్నది కావాలనింది. యాడా దొరకలేదు. కోళ్ళ దాణాకి వాడే పసుపుదే తెచ్చి పట్టించినా. మిల్లాయన నన్ను ఎగాదిగా చూసి, ఎన్ని కోళ్ళుండాయప్పా నీకు అని అడిగినాడు."

తోటకు చేరేసరికి వంటపాక ముందు ఆ అమ్మాయి పూల బట్ట నడుముకు చుట్టుకుని, ఇంకొకటి తలకు కట్టుకుని తోటకూర కడుగుతోంది. పొడగరి. నన్ను చూసి తడిచేతులు బట్టకు తుడుచుకుని లేచింది.

"రాండి ఆంటీ. కూసోండి. కాపీ తాగుతారా?"

నేను నిలబడిపోయాను. ఆ మాట తీరు మా చెల్లెలి అత్తది. అచ్చం అదే సాగదీత. చెల్లెలి అత్తకు ఎనభై దాటాయి. ఇంటివాళ్ళకే కాదు, తోటకు వచ్చేవాళ్ళందరికీ ఆమె అవ్వే. నెలన్నరకు పైగా ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటున్నారు. ఆ అమ్మాయి తెలుగు అవ్వ దగ్గరే నేర్చుకుంది. తెలుగు చాలనప్పుడు ఇంగ్లీషులోకి దిగేది, అవ్వతో మాత్రం అదీ ఉండేది కాదు, చేతులతో నడిచిపోయేది.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"సూసినావా టీచరమ్మా, నన్ను బీబీ అంటాది ఈ పిల్ల. మొదట్లో నాకు శానా కోపమొచ్చింది, పేరు పెట్టి పిలస్తాండాదేమో అని. బీబీ అంటే వాళ్ళ బాసలో అవ్వంట!"

నాకు కొబ్బరి పని అప్పగించారు. ఇరవై కాయలు. నేను పగలగొట్టి చిప్పలిస్తుంటే ఆ అమ్మాయి తురుముపీట మీద కూర్చుని తురుముతోంది. చెల్లెలు మిక్సీ ఇస్తానంటే వద్దంది.

"మా ఇంట్లో దీన్ని మేక అంటారు" అంది పీటను తట్టి.

"మేకా? ఎందుకు?"

"తెలీదు ఆంటీ. మా అమ్మమ్మను అడిగితే, నాలుగు కాళ్ళుండాయి గదా అనింది."

నేను ఆగలేకపోయాను. ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉన్నాను. చింతపండు మీ దగ్గర దొరుకుతుందా? దొరుకుతుంది. వంకాయ? దొరుకుతుంది. చపాతీ చేస్తారా? చేస్తారు, దాన్ని చపాతీ అనే అంటారు. అంగడిని ఏమంటారు? దుకా. ఆ మాట వినగానే నేను దుకాణం, దుకాణం అని పైకే అనేశాను. ఆమె నవ్వింది. సముద్రం మీద మనుషులు అటూ ఇటూ తిరిగితే మాటలు కూడా పడవ ఎక్కుతాయి కదా అనుకున్నాను. ఆ ఊపులోనే ఇంకోటి అడిగాను.

"మరి మీ ఊళ్ళో ఇన్ని టెంకాయలు ఉంటాయా?"

ఆమె చెయ్యి ఆగింది.

"ఆంటీ, మాది సముద్రం పక్కన ఊరు. ఇంటెనక అన్నీ టెంకాయ చెట్లే. మీరు ఏముంటాయనుకున్నారు?"

టీచర్ని కాబట్టి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "సింహాలు" అన్నాను.

ఆమె తురుము పళ్ళెం దాటి పడేలా నవ్వింది. "నేను సింహాన్ని చూసింది ఒకేసారి. తిరుపతి జూలో."

అవ్వ కూడా నవ్వింది. నాకు సిగ్గేసింది. సర్దుకోవడానికి, మీ దేశం గురించి నేను పాఠం కూడా చెప్పానని చెప్పాను. ఆ పాఠంలో ఒక మార్కు ప్రశ్న ఒకటి ఉండేది. లవంగాల దీవి అని దేనికి పేరు? జాంజిబార్.

"మా అమ్మమ్మది దాని పక్క దీవి. పెంబా" అంది ఆమె మళ్ళీ తురుముతూ. "చిన్నప్పుడు లవంగాలు కోసేది. పూవు విచ్చకముందే మొగ్గ కోయాల. ఆలస్యమైతే పనికిరాదు. చెట్టెక్కి కొమ్మ వంచి కోసేవాళ్ళంట. చాపల మీద ఎండబెడితే దోవంతా వాసన. పెళ్ళయినాక పడవలో మా ఊరికొచ్చింది. ముసిలిదయినా కూడా చేతులు మా ముక్కు దగ్గర పెట్టి, సూడు, ఇంకా లవంగం వాసనే అనేది. మాకేం వచ్చేది కాదు. అయినా అవునవును అనేవాళ్ళం."

నేనింకో కాయ తీసుకున్నాను గానీ పగలగొట్టలేదు. జాంజిబార్ అని సరిగ్గా రాసిన ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. ఎన్ని వందల కాగితాలో! ఆ జవాబు వెనక చెట్టెక్కే ఒక ఆడపిల్ల ఉంటుందని నాకు తెలిసుంటే, ఆ క్లాసు ఇంకో పది నిమిషాలు నడిచేది. ఆ పది నిమిషాలే పిల్లలకు గుర్తుండేవేమో.

తురుము మూడు పళ్ళేలైంది. గోరువెచ్చని నీళ్ళు పోసి పల్చటి గుడ్డలో వేసి పిండాం. మొదటి పాలు చిక్కగా ఒక గిన్నెలో, రెండోసారి పిండిన పలచటివి వేరే గిన్నెలో. పలచటి పాలలో ఉల్లిపాయలూ టమాటా వేసి, తోటకూర ఉడికించి, చివర్లో చిక్కటి పాలు కొంచెం పోసి తిప్పింది. తాలింపు లేదు, పోపు గింజ లేదు. అలసందలు కూడా అలాగే పాలలో ఉడికాయి. మరిది చెరువు చేపలు తెచ్చాడు. ఆమెకు కావలసింది సముద్రం చేప, కానీ పాకాలకు సముద్రం ఎక్కడిది? కడిగి, గాట్లు పెట్టి, నిప్పుల మీద కాల్చింది. చిక్కటి పాలలో చింతపండు గుజ్జు, వెల్లుల్లి, మిరపకాయ కలిపి కాచి, ఆ కాలిన చేపల మీద మళ్ళీ మళ్ళీ పూసింది.

"దీన్నేమంటారు?" అన్నాను.

"సమాకీ వ కుపాకా."

"పాకాల చేపా?" అంది అవ్వ అరుగు మీదనుంచి. "పాకాల చేప సంగతి వాళ్ళూర్లో వాళ్ళకెట్ట తెలుసు?"

కుపాకా అంటే పూయడమట. ఎంత చెప్పినా అవ్వ వినలేదు. ఆ రోజంతా ఆమెకు అది పాకాల చేపే.

పదకొండున్నరకు ఉగాలి మొదలుపెట్టింది. ఆ భోజనానికి అదే అన్నం. మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి తెడ్డుతో తిప్పి, మన సంగటిలా గట్టిగా చెయ్యాలి. పోసింది. తిప్పింది. పిండి అంటుకోలేదు. మిల్లాయన కోళ్ళకనే పట్టాడు మరి, రవ్వ రవ్వగా ఉంది. ఇంకొంచెం పిండి వేసింది, ఇంకొంచెం నీళ్ళు పోసింది. ముద్ద కాకపోగా నీళ్ళు ఒకవైపు, ఇసకలాంటి రవ్వ ఒకవైపు. అప్పటికే రెండు కార్లు వచ్చి గేటు దగ్గర ఆగాయి. ఆమె తెడ్డు పక్కన పెట్టి వంటపాక వెనక మెట్టు మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు.

"ఇది ఉగాలి కాదు. వచ్చినోళ్ళకు నేను ఏం చూపించేది?"

అవ్వ గోడ పట్టుకుని నెమ్మదిగా దిగి వచ్చింది.

"ఏడిస్తే గట్టిపడతాదా? లెయ్ పాపా. డబ్బాలో రాగిపిండి ఉండాది."

"అది సంగటి గదా బీబీ. అది మీది. మా వంట అని చెప్పి మీ వంట ఎట్లా పెట్టేది?"

"పిండి మీద పేరేమన్నా రాసుండాదా?"

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ నాయన వాళ్ళది కొండమీది ఊరట. అక్కడ రాగులు పండుతాయి, ఉలేజీ అంటారు. పండగలకు పోయినప్పుడు పెద్దవాళ్ళు ఆ పిండితో ఉగాలి చేస్తే, తీరంలో పెరిగిన పిల్లలు నల్లగా ఉందని తినేవాళ్ళు కారట. "మా క్లాసులో సారు చెప్పినాడు ఆంటీ, ఈ పంట మొదట పుట్టింది మా పక్కనే అంట. శానా ఏండ్ల కింద ఈడికి వచ్చిందంట."

అవ్వకు ఈ మాట నచ్చలేదు. "యాడనించో వచ్చేదేంది? మా అత్త చేతికి వాళ్ళత్త ఇచ్చింది ఆ గింజలు."

"ఆమెకు ఎవరిచ్చినారు?" అన్నాను.

అవ్వ డబ్బా మూత తీసి పిండి చూపించింది.

ఇక ఎలా చెయ్యాలన్న దాని మీద పోట్లాట. అవ్వ పద్ధతిలో ముందు బియ్యపు నూకలు ఉడకాలి, వాటి మీద పిండి కుప్పగా పోసి ఆవిరి పట్టనివ్వాలి, ఆ తర్వాతే తెడ్డు. ఆ అమ్మాయి పద్ధతిలో నూకలు లేవు, పిండి కొంచెం కొంచెంగా వెయ్యాలి, మొదటినుంచీ తిప్పుతూనే ఉండాలి. చివరికి పిండి అవ్వది, తిప్పడం ఆ అమ్మాయిది. నేను గిన్నె పట్టుకున్నాను. నున్నగా, మెరుస్తూ, గిన్నె అంచు వదిలేసి ముద్దగా వచ్చింది. అవ్వ వేలితో నొక్కి చూసి, "పర్వాలేదు" అంది. అవ్వ నోట ఆ మాట రావడం మా చెల్లెలు పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లు విని ఉంటుందంతే. మొక్కజొన్న రవ్వ కోళ్ళకే పోయింది.

వచ్చినవాళ్ళు పన్నెండుమంది. మామిడిచెట్ల కింద కూర్చున్నాక ఆ అమ్మాయి చెంబూ బేసినూ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి చేతుల మీద నీళ్ళు పోసింది. చిత్తూరులో బట్టల అంగడి నడిపే దంపతులు ఉన్నారు. ఆవిడ గాభరాపడి లేవబోయింది.

"వద్దమ్మా, కొళాయి దగ్గర కడుక్కుంటాము. నువ్వెందుకు పోసేది?"

"కూసోండమ్మా. నేను పోయకపోతే మా అమ్మ తిడతాది."

"ఆమె యాడో ఉండాది గదా, ఆమెకెట్ట తెలుస్తాది?"

"తెలుస్తాది" అంది ఆ అమ్మాయి. ఆవిడ చేతులు చాపింది.

అరిటాకుల్లో రాగి ఉగాలి, తోటకూర, అలసందలు, ఉల్లిపాయా టమాటా సన్నగా తరిగి నిమ్మకాయ పిండిన కచుంబరీ. మాంసం తినేవాళ్ళకు చేప. తిననివాళ్ళకు గిన్నెలూ గరిటెలూ కూడా వేరుగా పెట్టింది. ఆ అమ్మాయి మధ్యలో కూర్చుని తినే పద్ధతి చూపించింది. చిన్న ముద్ద తుంచి, అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో నొక్కి గుంట చెయ్యాలి. ఆ గుంటలోకి కూర ఎత్తుకుని నోట్లో పెట్టుకుని నమలాలి. మన పక్క సంగటి నమలరు. కూరలో ముంచి మింగేస్తారు. అంగడాయన అలవాటుగా మింగి, తర్వాత గుర్తొచ్చి, ఖాళీ నోరే నాలుగుసార్లు నమిలాడు. కాసేపయ్యాక నా వైపు వంగి నెమ్మదిగా అడిగాడు.

"ఇది సంగటే గదమ్మా?"

"కాదు. ఉగాలి."

"తేడా ఏంది?"

"నూకలు లేవు."

ఆయన చాలా పెద్ద విషయం తెలిసినట్టు తల ఊపాడు. ఆయన భార్య మాత్రం ఏ ప్రశ్నా అడగలేదు. తోటకూర మూడుసార్లు వేయించుకుంది. నాకు ఆ రుచి మొదటి ముద్దకు అర్థం కాలేదు. తాలింపు కోసం నాలుక వెతుక్కుంది. రెండో ముద్దకు ఆకు రుచే తెలిసింది, దాని వెనకనుంచి కొబ్బరి తియ్యదనం. ఇన్నేళ్ళుగా తోటకూర తింటున్నానా, ఎండుమిరపకాయా వెల్లుల్లీ తింటున్నానా అని అనుమానం వచ్చింది.

అందరూ తోట చూడ్డానికి వెళ్ళాక ఇంటివాళ్ళం మిగిలాం. మరిది వాళ్ళకు తోట చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి పెద్ద తాంబాళం తెచ్చి మధ్యలో ఉగాలి, చుట్టూ కూరలు పెట్టింది. వాళ్ళ ఊళ్ళో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారట. వచ్చినవాళ్ళకు కూడా అలాగే పెడదామని పొద్దున ఆమె అంటే చెల్లెలే వద్దని ఆకులు కోయించింది.

"అందరూ ఒకే దాంట్లోనా?" అంది అవ్వ. "ఎంగిలి గదా పాపా."

"ఎంగిలి అంటే ఏమి?"

ఇన్ని వారాల్లో ఆ మాట ఆమె చెవిన పడలేదంటే ఆశ్చర్యం. చెప్పడానికి నేను పూనుకున్నాను. ఇంగ్లీషులో వెతికాను. మురికి అందామంటే కాదు, మిగిలినది అంటే కాదు. ఒకరి నోటి దగ్గరికి పోయిన చెయ్యి మళ్ళీ తగిలితే, అని మొదలుపెట్టి మధ్యలో ఆగాను. ఆమె శ్రద్ధగా విని, తనే మిగతాది అందుకుంది.

"మాకు కూడా ఉండాది ఆంటీ, వేరే మాదిరి. ఎవరి ముందుండేది వాళ్ళే తినాల. అవతలోళ్ళ పక్కకు చెయ్యి పోతే మా అమ్మ చేతి మీద కొడతాది."

అవ్వ తాంబాళం వైపు చూసింది. "అట్లనా? అయితే ఎవురి మడి వాళ్ళది" అని, చేతులు కడుక్కుని వచ్చి తాంబాళానికి ఒక పక్క కూర్చుంది. చెల్లెలు నోరు తెరిచి చూస్తోంది. ఈ అవ్వే, జామకాయ కొరికిన చేత్తో పిల్లలు ముట్టుకున్నారని గరిటె కడిగించిన మనిషి.

నిజం చెప్పాలంటే ఆఖరున చెయ్యి పెట్టింది నేను. చదువుకున్నదాన్ని, ఊళ్ళవాళ్ళకు నాలుగు మాటలు చెప్పినదాన్ని, నా వేళ్ళు తాంబాళం అంచు దగ్గర ఆగిపోయాయి. ఆ అమ్మాయి అది చూసి, తన ముందున్నదే చూసుకుంటూ తింది. నేను కళ్ళు మూసుకుని కాదు, తెరుచుకునే మొదటి ముద్ద తీసుకున్నాను. తర్వాత రెండోది తేలికైంది. అయిదోదానికి మర్చిపోయాను.

మధ్యలో ఆ అమ్మాయి తన ముందున్న చేప ముక్క, ముళ్ళు లేని మెత్తటి వైపు, తుంచి అవ్వ ముందు పెట్టింది.

"అదేంది, నా మడిలోకి వస్తాండావే?"

"బీబీకి పెట్టొచ్చు. అది తప్పు కాదు."

అవ్వ ఆ ముక్కను చూసింది. ఆమె చేతుల్లో పెరిగిన పిల్లలెవరూ ఆమె తినే చోటికి అలా చెయ్యి చాపి ఉండరు. తీసి తినేసింది. "పాకాల చేప బాగుండాది" అంది.

సాయంత్రం రైలుకు మరిది దింపాడు. ఆ అమ్మాయి ఇంకో పది రోజుల్లో తిరుపతి హాస్టలుకు వచ్చేసింది. ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలిచాను. దానికి ముందు, ఆమె వంటే ఆమెకు పెడదామన్న ఉత్సాహంతో, ఒక శనివారం నేనొక్కదాన్నే తోటకూర వండి చూశాను. కొబ్బరి తురిమాను, పాలు పిండాను, అన్నీ గుర్తు పెట్టుకున్నట్టే చేశాను. కూరలో చిక్కటి పాలు పోసి, మూత పెట్టి, బట్టలు ఆరేయడానికి వెళ్ళొచ్చేసరికి పాలు విరిగి తెట్టెలు తెట్టెలుగా తేలుతున్నాయి. ఫోన్ చేశాను.

"మూత యాల పెట్టినావు ఆంటీ?" అంది అటునుంచి, అవ్వ కోప్పడినట్టే కోప్పడుతూ. "మూత పెట్టగూడదు. యాడికీ పోగూడదు. ఆడనే నిలబడి తిప్పుతా ఉండాల. ఎవరన్నా పిలిచినా పోగూడదు."

"మా ఆయన పిలిచినా?"

"ఆయన్ని వంటింట్లోకి పిలుసుకోండి."

రెండో కాయ పగలగొట్టాను. ఈసారి మా ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, పటంలో పెంబా దీవి ఎక్కడుందో, లవంగం మొగ్గ ఎప్పుడు కోయాలో చెబుతూ, పొయ్యి దగ్గరే నిలబడి తిప్పుతూ ఉన్నాను.